పుంగ్గోల్ నుంచి వన్-నార్త్‌కు ఒక సబ్బు కమాను

శనివారం ఉదయం ఎనిమిదింబావుకి పుంగ్గోల్‌లోని మా ఫ్లాట్ నుంచి బయలుదేరాం: నేను, పదకొండేళ్ళ మా అమ్మాయి హాసిని, చెప్పుల పెట్టెలో విడివిడి ముక్కలుగా ఒక రోమన్ కమాను. పదిన్నరకి వన్-నార్త్‌లో పిల్లల ప్రదర్శన. మధ్యధరా సముద్రం చుట్టూ బతికిన పూర్వకాలపు జనం లోకానికి ఏమిచ్చారో తలా ఒకటి చూపించాలి. హాసినికి కమాను వచ్చింది.

బట్టల సబ్బులు కోసి పదకొండు రాళ్ళు చెక్కాను. జిగురు పెడదామని హాసిని వారం రోజులు మొత్తుకుంది. రోమన్లు కొన్ని వంతెనల్లో రాళ్ళ మధ్య సున్నం కూడా వాడలేదనీ, నడిమి రాయి బిగిస్తే మిగతావన్నీ ఒకదాన్నొకటి ఆపుకుంటాయనీ చెప్పి నేను ససేమిరా అన్నాను. రోజూ కంప్యూటర్ ముందు కూర్చునేవాణ్ణి, ఆ వారం పెద్ద మేస్త్రీనైపోయాను.

"పడిపోతే నెక్స్ట్ టైమ్ అమ్మతో వెళ్తా" అంది హాసిని.

సెరంగూన్‌లో మెట్రో దిగి సర్కిల్ లైన్ రైలెక్కాం. మా మాటలు విని, ఎదురుగా కూర్చున్న తెలుగు ఆంటీ ముక్కు ఎగబీల్చారు. "బట్టలుతకడానికి ఇంత దూరం ఎల్తన్నారేంటి బాబూ?" ఆవిడకి కమాను సంగతంతా వివరించాను. రెండు స్టేషన్లు దాటేసరికి కునుకు తీశారు.

తొమ్మిదింబావుకి చేరాం. ఫుడ్ కోర్టు కిటకిటలాడుతోంది. ఇక్కడ ముందు టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి ఈ చోటు మనదని చోప్ చేసుకుని, ఆ తర్వాతే లైన్లో నిలబడాలి. మీరు వెళితే టిష్యూ మరవకండి. నేను మరిచాను. హాసిని పెట్టె వదలదు, ఒక్కతే కూర్చోదు. జాగ్రత్త కోసం జేబులో విడిగా దాచిన నడిమి రాయిని తీసి టేబుల్ మీద పెట్టాను.

పరోటాలు, టీ పట్టుకుని వచ్చేసరికి మా టేబుల్ దగ్గర ఎవరో నూడుల్స్ తింటున్నారు. రాయి లేదు. హాసిని ఏడవకుండా నన్నే చూసింది. ఏడ్చినా బాగుండేది.

టేబుళ్ళు తుడిచే చైనీస్ అంకుల్‌ని అడిగాను. "ఎవరో సబ్బు మర్చిపోయారనుకున్నా లా! చేతులు కడుక్కునే చోట పెట్టా" అన్నాడాయన, మాట చివర 'లా' తగిలించే ఇక్కడి ఇంగ్లీషులో.

పరుగెత్తాం. ఒక పెద్దమనిషి నా రోమన్ రాయితో మోచేతుల దాకా నురగ పెట్టుకుంటున్నాడు. బతిమాలి తీసుకునేసరికి సగం అరిగిపోయింది.

"చెప్పా కదా నాన్నా, గ్లూ పెడదామని!" అంది హాసిని. నా మేస్త్రీతనం అక్కడితో సరి.

వెనకే వచ్చిన అంకుల్ జేబులోంచి టిష్యూ ప్యాకెట్ తీసి నా చేతిలో పెట్టాడు. "చోప్ చెయ్యాలంటే ఇది పెట్టాలి లా."

ప్రదర్శనలో ఫినీషియన్ల అక్షరాలు, గ్రీకుల నాటకశాల అయ్యాక మా వంతు. హాసిని అట్టముక్క దన్ను మీద పది రాళ్ళూ పేర్చింది. అరిగిన రాయికి చాలినంత లావు వచ్చేదాకా టిష్యూలు చుట్టి, నడుమ బిగించింది. దన్ను లాగేటప్పుడు నేను కళ్ళు మూసుకున్నాను.

చప్పుడేమీ రాలేదు. కమాను నిలబడింది!

"ఈ రాయికి కట్టు ఎందుకు?" అని జడ్జి మేడమ్ అడిగారు. నేను సర్దిచెప్పబోయేలోపే, "మా నాన్న దీంతో టేబుల్ చోప్ చేశారు" అనేసింది హాసిని. హాలంతా ఒకటే నవ్వు. నవ్వు తగ్గాక, "ఇదొక్కటి తీస్తే అన్నీ పడిపోతాయి. ఇలాంటి కమానుల మీదే రోమన్లు ఊళ్ళకి నీళ్ళు తెచ్చుకున్నారు" అని చెప్పింది. బహుమతి అక్షరాలకి పోయింది. నాకేమీ బాధనిపించలేదు, పిల్ల అంత బాగా మాట్లాడింది.

మధ్యాహ్నం ఒంటిగంటకి తిరుగు రైలు. వచ్చేసారి ఎవరితో వెళ్తావని అడిగే ధైర్యం నాకు సెరంగూన్ దాకా రాలేదు. రైలు మారాక అడిగాను.

"నువ్వే రా నాన్నా," అంది మిగిలిన టిష్యూ ప్యాకెట్ తన సంచిలో వేసుకుంటూ, "కానీ చోప్ నేను చేస్తా."