ఏసుపాదం గారూ, గుర్రాల డాక్టరూ

ఏసుపాదం గారు పీనాసి అని ప్లెయిన్స్‌బరోలో తెలుగువాళ్ళందరూ అనేవారు. ఎంగిలి చేత్తో కాకిని కూడా తోలడని వెనకాల నవ్వుకునేవారు. నేను ఒప్పుకోను. పీనాసివాడు డబ్బు ఖర్చు పెట్టడు. ఈయన పెడతారు, కాకపోతే పెట్టేముందు అవతలివాడి ప్రాణం తోడేస్తారు. ఆ రెండింటికీ తేడా తెలియనివాళ్ళు ఆయనతో కలిసి ఒక్కసారి సోఫా కొనడానికి వెళ్తే చాలు. నేను వెళ్ళాను. పొద్దున వెళ్తే సాయంత్రానికి ఆ షాపువాడు సోఫాతో పాటు ఒక దీపం స్టాండు కూడా ఊరికే ఇచ్చి, మళ్ళీ రావద్దని దణ్ణం పెట్టినంత పని చేశాడు. ఆ దీపం ఇప్పటికీ మా ఇంట్లో వెలుగుతోంది.

ఆయనది రేపల్లె దగ్గర పల్లెటూరు. తండ్రి మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారు. కెమిస్ట్రీ చదువుకుని, డెబ్భై రెండులో అమెరికా వచ్చి, ఒక మందుల కంపెనీ ల్యాబులో కుదురుకున్నారు. ఆదివారం ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్‌లో తెలుగు ఆరాధన జరిగేది. అక్కడ పాట ఎత్తుకునేది ఆయనే. గొంతు బాగుండేది, ఆ మాట కాదనలేను. భార్య విమలకుమారి లైబ్రరీలో పని చేసేది. ఒక్కతే కూతురు, నవోమి.

మేం వాళ్ళ పై అపార్ట్‌మెంట్‌లో మూడేళ్ళున్నాం. తర్వాత పిస్కాటవేలో ఇల్లు కొనుక్కుని వెళ్ళిపోయాం. ఇల్లు బేరం చేసేటప్పుడు ఆయన్ని వెంట తీసుకెళ్ళలేదని ఆయనకు కోపం వచ్చింది. "అడిగిన రేటు ఇచ్చేశారంట" అని ఊరంతా చెప్పి బాధపడి, ఏడాదిపాటు మాతో మాటలు మానేశారు. ఆ ఏడాదిలోనే వాళ్ళింటికి కుక్క వచ్చింది. అది మాకు తెలియదు. మా కొంప ముంచింది ఆ తెలియకపోవడమే.

ఎనభై నాలుగు జూలైలో ఒక శనివారం ఫోన్ మోగింది. మా ఆయన సూర్యప్రకాశ్ ఆస్పత్రిలో మత్తు డాక్టరు. ఆ రోజుల్లో మనవాళ్ళకు ఏ జబ్బు చేసినా ముందు తెలుగు డాక్టరుకు ఫోన్ చేసేవారు. ఏ డాక్టరని చూసేవాళ్ళు కాదు. తెలుగువాడైతే చాలు, ఫోన్లో అడిగితే ఫీజు ఉండదు. దురద, మోకాలి నొప్పి, అత్తగారి బీపీ, అన్నీ మా ఆయనకే వచ్చేవి. నేను వంటింట్లో ఇంకో ఫోన్ ఎత్తి వింటున్నాను. వినడం తప్పు కదా అనకండి, అందరిళ్ళలోనూ వినేవారు.

"డాక్టరు గారూ, వందనాలండీ. ఏసుపాదాన్ని. ఏడాదైంది పలకరించి. ఒక చిన్న డౌటండీ."

"చెప్పండి, చెప్పండి," అన్నారు మా ఆయన, కోపం తీరిందన్న సంతోషంతో.

"మా ఇంట్లో ఒకడికి రెండ్రోజుల్నుంచి వాంతులండీ. నీళ్ళు కూడా ఇమడట్లేదు."

"వయసెంత?"

"నాలుగేళ్ళు ఉంటయ్యనుకుంటున్నామండీ."

"అనుకోవడమేమిటండీ? వెయిట్ ఎంత?"

"నలభై పౌండ్లండీ."

"వెయిట్ కరెక్ట్‌గానే ఉంది. కడుపులో నొప్పంటున్నాడా?"

"ఏమీ అనడండీ. మాటల్లేవు గదా."

"నాలుగేళ్ళొచ్చినా మాటల్లేవా! ఎవరికైనా చూపించారా?"

"దాని గురించి మేమెప్పుడూ వర్రీ అవలేదండీ."

మా ఆయన గొంతు మారిపోయింది. "నడుస్తాడా?"

"ఓ, పరిగెడతాడండీ. ఇయ్యాళే సోఫా కింద దూరి బయటికి రావట్లేదు."

"ముట్టుకోకండి. మేం వస్తున్నాం," అని మా ఆయన ఫోన్ పెట్టేశారు. ఇండియా నుంచి ఏ బంధువుల పిల్లాణ్ణో తెచ్చుకున్నట్టున్నారు, అసలే మూగపిల్లాడు, పైగా ఇన్‌ఫెక్షన్ అంటూ బ్యాగు కోసం పరిగెత్తారు. మావాడి పాత బొమ్మ లారీ, హార్లిక్స్ సీసా చేతపట్టుకుని కారెక్కాను. దారి పొడుగునా ఆ మొగుడూ పెళ్ళాల్ని తిడుతూనే ఉన్నాను. పసివాణ్ణి సోఫా కింద వదిలేసి ఇరవై నాలుగ్గంటలూ బేరాలేనా?

నవోమి తలుపు తీసింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. "ఆంటీ, చార్లీ ఈజ్ వెరీ సిక్. సోఫా కింద ఉన్నాడు."

పేరు కూడా ఇంగ్లీషుదే పెట్టారా అనుకుంటూ వెంకటగిరి చీర నలుగుతున్నా లెక్కచేయకుండా మోకాళ్ళ మీద వంగాను. "రా నాన్నా, రా, ఆంటీ లారీ తెచ్చింది చూడు," అంటూ చెయ్యి లోపలికి పెట్టాను. తడితడిగా చల్లగా ఒక ముక్కు తగిలింది. ఆ తర్వాత నేను వేసిన కేకకు పక్క అపార్ట్‌మెంట్లవాళ్ళు కూడా బయటికి వచ్చారట.

మా ఆయన స్టెతస్కోపు మెళ్ళో వేసుకుని నిలబడిపోయారు. "ఏసుపాదం గారూ, ఇది కుక్క."

"అవునండీ."

"ఫోన్లో చెప్పలేదేం?"

"కుక్కంటే మీరు టైమ్ ఇస్తారాండీ? అయినా నేను ఒక్క అబద్ధం చెప్పలేదు. దేవుడే సాక్షి."

నిజమే, చెప్పలేదు. అందుకే నాకు ఇంకా ఒళ్ళు మండింది. నోటికొచ్చినట్టు దులిపేద్దామని లేచాను. అప్పుడే ఆ కుక్క సోఫా కింద నుంచి పాక్కుంటూ వచ్చింది. గోధుమరంగు బక్క కుక్క, ఒక చెవి నిలబడి, ఒక చెవి వాలి ఉంది. నా వైపు గానీ, నవోమి వైపు గానీ చూడలేదు. ఏసుపాదం గారి పాదాల దగ్గరకొచ్చి తల ఆనించి పడుకుంది. ఆయన పాదం వెనక్కి తీసుకున్నారు.

"దీంతో నాకేం సంబంధం లేదండీ. నవోమిది," అన్నారు.

మా ఆయన పొట్ట నొక్కి చూశారు. కుక్క మూలిగింది. "గట్టిగా ఉంది. లోపల ఏదో అడ్డం పడ్డట్టుంది. నా వల్ల కాదు, వెంటనే పశువుల డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళండి."

"పొద్దుట్నించీ ఆ పనే గదక్కా ఈయన చేస్తా ఉంది!" అని విమలకుమారి భగ్గుమంది. "ఎల్లో పేజెస్‌లో ఒక్కణ్ణి వదిలిపెట్టలా. కుక్క చస్తుంటే కొటేషన్లు!"

ఏసుపాదం గారు నొచ్చుకున్నారు. డాక్టర్ని ఎంచుకోవడమంటే ఆషామాషీ కాదని మాకు వివరించారు. ప్రిన్స్‌టన్ వైపువాడు తలుపు తీసినందుకే డబ్బు అడుగుతాడు. హైవే మీదవాడు చవకే, కానీ ఫోనెత్తిన అమ్మాయికి కుక్క వయసు రాసుకోవడం కూడా రాదు. ఇంకొకడి దగ్గర మొదటి విజిట్ ఫ్రీ, రెండో విజిట్‌లో రెండూ కలిపి లాగేస్తాడు. ఇలా అందరినీ వడపోసి చివరికి క్రాన్‌బరీ అవతల పొలాల్లో ఉన్న ఒక గుర్రాల డాక్టరు మీద ఆయన మనసు నిలిచింది. ఆ డాక్టరు ఆవుల్నీ గుర్రాల్నీ చూస్తాడు, కుక్కల్నీ కాదనడు.

"గుర్రానికి ఆపరేషన్ ఎంతని అడిగానండీ. చెప్పాడు. గుర్రం వెయ్యి పౌండ్లు, మనవాడు నలభై. ఆ లెక్కన చూస్తే మనకు దాదాపు ఊరికే వస్తది."

"ఆ లెక్క ఆయన ఒప్పుకున్నాడా?" అన్నాను.

"ఇంకా చెప్పలేదండీ. ఎదురుగా కూర్చుని చెప్పాలి."

వాళ్ళ కారు సీట్లకు కొన్నప్పటి ప్లాస్టిక్ కవర్లు ఇంకా అలాగే ఉన్నాయి. కుక్క గోళ్ళు తగిలితే చిరుగుతాయి. అందుకని మా కారులో వెళ్ళాం. కుక్క తల నా ఒళ్ళో పెట్టారు. ఎందుకు నా ఒళ్ళోనే పెట్టారో నన్నడగకండి. బొమ్మ లారీ కూడా నా చేతిలోనే ఉంది.

డాక్టరు పొడుగాటి ముసలాయన. బూట్లకు పేడ అంటి ఉంది. మా అమ్మమ్మగారి ఊళ్ళో పశువుల డాక్టరు కూడా అచ్చం ఇలాగే ఉండేవాడు, అందుకని నాకు కాస్త నమ్మకం కలిగింది. కుక్కను బల్ల మీద పడుకోబెట్టి, "ఏం తిన్నాడు?" అని అడిగాడు.

"డాగ్ ఫుడ్. ఓన్లీ డాగ్ ఫుడ్," అంది విమలకుమారి ఠక్కున. మనవాళ్ళంతే, డాక్టరు ముందు అందరం పథ్యం చేసినవాళ్ళమే.

డాక్టరు మళ్ళీ అడిగాడు. ఏసుపాదం గారు టై సర్దుకున్నారు. పైకప్పు చూశారు. తర్వాత చిన్న గొంతుతో, "మాగాయ టెంక," అన్నారు.

విమలకుమారి గిర్రున తిరిగింది. "ఏ టెంక? జాడీలో మిగిలింది ఒక్కటే. గురువారం అన్నంలో మీకే వేశాను గదా! నవోమి అడిగితే కూడా ఇవ్వలేదు మీరు!"

"కొంచెం చీకి వాడికిచ్చాను. అలా చూస్తా ఉంటే ఏం చెయ్యమంటావ్?"

"వాడికా!"

"రోజూ ఏదోకటి పెడతానే ఉన్నానులే," అన్నారు ఆయన, ఎవరి మొహం చూడకుండా.

మాగాయ టెంకంటే ఏమిటో తెలిసినవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. దానికోసం అన్నదమ్ములు మాటలు మానేసిన ఇళ్ళు నాకు తెలుసు. కన్నకూతురికి కూడా ఇవ్వని దాన్ని ఆయన బల్ల కింద కుక్కకిచ్చారు. మా ఆయన డాక్టరుకు వివరించారు: మామిడికాయ గింజ, ఉప్పు, కారం, ఆవపిండి. "కుక్కకు కారమా?" అని డాక్టరు కళ్ళు పెద్దవి చేశాడు. "అలవాటు పడ్డాడండీ," అని ఏసుపాదం గారు ఇంగ్లీషులో సర్దిచెప్పారు.

ఎక్స్‌రేలో టెంక ఉన్న చోటు కనబడింది. పేగులో అడ్డంగా ఇరుక్కుంది. వెంటనే కోసి తియ్యకపోతే రేపటికి బతకదన్నాడు డాక్టరు. ఆపరేషన్‌కి ఎంతవుతుందో కూడా చెప్పాడు. అది వాళ్ళ రెండు నెలల అద్దె. గుర్రం లెక్క చెబుతారేమోనని నేను ఏసుపాదం గారి వైపు చూశాను. ఆయన పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు.

ఆ మౌనాన్ని డాక్టరు ఇంకోలా అర్థం చేసుకున్నాడు. మంచివాడే, ఎదుటివాళ్ళను ఇబ్బంది పెట్టడం ఇష్టం లేనివాడు. అంత ఖర్చు అందరికీ కుదరదనీ, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదనీ, ఒక ఇంజెక్షన్ ఇస్తే బాధ లేకుండా పోతుందనీ, దానికి ఇరవై డాలర్లే అవుతుందనీ మెల్లగా చెప్పాడు.

ఏసుపాదం గారిది ప్రార్థనలో కూడా గొంతు పెంచని స్వభావం. ఆయన అరవడం నేను అప్పుడే విన్నాను, అదీ అచ్చ తెలుగులో. "ఇరవై డాలర్లా? ఎవడడిగాడయ్యా నిన్ను చవగ్గా ఏముందని? ప్రాణమయ్యా అది! బేరాలాడతావేంటి? కొయ్యి! కోసి తియ్యి దాన్ని!"

డాక్టరు బెదిరిపోయి నవోమి వైపు చూశాడు.

"హీ సెడ్ యెస్," అంది నవోమి.

శనివారం కావడంతో ఆపరేషన్‌లో డాక్టరుకు సాయం చేసే మనిషి లేదు. మా ఆయన కోటు విప్పి చేతులు కడుక్కున్నారు. "మత్తు సంగతి నేను చూసుకుంటాను. నలభై పౌండ్లంటే నాలుగేళ్ళ పిల్లాడే కదా," అంటూ లోపలికి వెళ్ళారు. ఇక జన్మలో కుక్కల ఊసెత్తనని కారులో ఒట్టు పెట్టుకున్న మనిషి ఆయన.

మేం బయట బెంచీ మీద కూర్చున్నాం. పక్కనే ఒక మేక కట్టేసి ఉంది, అది నా కొంగు నమలబోయింది. ఏసుపాదం గారు లేచి కాఫీ మిషన్‌లో డబ్బులు వేసి మా అందరికీ కాఫీ తెచ్చారు. కప్పు సగమే నిండింది. అయినా ఏమీ అనలేదు. కౌంటర్‌లో అమ్మాయి మందులకు వేరే అవుతుందంది, సరేనన్నారు. రాత్రికి ఇక్కడే ఉంచితే దానికీ వేరే అంది, దానికీ సరేనన్నారు. కాగితం ఇస్తే చదవకుండా సంతకం పెట్టారు.

విమలకుమారి నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, రేటు అడగట్లేదు ఈయన. పెళ్ళైన కాడ్నించీ ఇట్టా ఎప్పుడూ చూళ్ళేదు. నాకు భయంగా ఉంది."

నాకూ భయం వేసింది. కుక్కలంటే నాకు ఇష్టం లేదు, ఇప్పటికీ లేదు. అయినా ఆ బెంచీ మీద కూర్చుని, మా వెంకన్నకు మొక్కుకున్నాను. పక్కనే ఏసుపాదం గారు కళ్ళు మూసుకుని వాళ్ళ ప్రభువును అడుగుతున్నారు. ఇద్దరిలో ఎవరైనా సరే, ఆ వాలిన చెవి కుక్కను లేపితే చాలనిపించింది.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. ముందు మా ఆయన వచ్చారు, చొక్కా అంతా కుక్క వెంట్రుకలతో. నవ్వుతున్నారు. "లేచాడు. తోక ఊపాడు," అన్నారు. నవోమి గంతేసింది. వెనకాలే డాక్టరు వచ్చి, వారం తర్వాత కుట్లు విప్పాలనీ, ఇక మీదట ఊరగాయలు పెట్టకూడదనీ చెప్పి, బిల్లు ఏసుపాదం గారి చేతిలో పెట్టాడు.

ఏసుపాదం గారు కళ్ళు తుడుచుకున్నారు. జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నారు. బిల్లు పైనుంచి కిందకు ఒకసారి, కిందనుంచి పైకి ఒకసారి చదివి, ఒకచోట వేలు పెట్టి ఆగారు.

"డాక్టర్," అన్నారు ఇంగ్లీషులో, ఎంతో మర్యాదగా. "మత్తు డాక్టర్ని మేమే తెచ్చుకున్నాం. ఈ మత్తు ఛార్జీ మీరు మాకివ్వాలా, మేం మీకివ్వాలా?"

ఆ మాట వినగానే విమలకుమారి నా భుజం మీద తల పెట్టుకుని బావురుమంది.