నిన్న కంబదూరు కాడ పదను వాన

మా కారుకు గేరుబాక్సు మార్పించమని మామ ప్రాణం తీసింది నేనే. ఈ మాట ముందే ఒప్పేసుకుంటున్నాను. టేపు వచ్చి నా సీటు లాక్కుందని ఇన్నేళ్ళూ కనిపించిన ప్రతివాడి దగ్గరా ఏడ్చాను గానీ, అందులో సగం అబద్ధం. టేపుకు దారి వేసింది నా నోరే.

మామ అంటే సొంత మేనమామ కాదు, వరసకు మామ. కంబదూరు దాటి కుందుర్పి తట్టు పోయే దారిలో మా ఊరు. ఆ ఊరి చివర ఆయనకు టెంటు సినిమా ఉండేది. డెబ్బైల నడుమ ఆయన బెంగళూరు పోయి, సినిమా ప్రచారానికని ఒక పాత విదేశీ కారు కొనుక్కొచ్చాడు. పొడుగాటి ముక్కు, గుండ్రటి వీపు. ఏ దొర ఎక్కి తిరిగి వదిలేశాడో తెలియదు. మామ దాని వెనక సీటు పీకించి, పైకప్పు మీద రెండు మైకు బూరలు బిగించి, లోపల ఒక యాంప్లిఫయరు, పాటల ప్లేట్లు తిప్పే పెట్టె, ఒక చెక్క స్టూలు పెట్టించాడు. ఆ స్టూలు నాది, మైకు నాది. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు, పెళ్ళయి ఏడాది. ప్లేట్ల పెట్టెను సైకిలు ట్యూబులతో పైకప్పుకు వేలాడదీసేవాళ్ళం. లేకుంటే గతుకు తగిలినప్పుడల్లా ముల్లు ఎగిరి, మొదటి చరణంలో ఉన్న పాట మూడో చరణంలోకి దూకేది.

నడిపేది భాయ్. డ్రైవరూ ఆయనే, మెకానిక్కూ ఆయనే. పొద్దున బయల్దేరితే సాయంత్రం మొదటి ఆటకు తిరిగొచ్చేలోగా పది పన్నెండు ఊళ్ళు తిరిగేవాళ్ళం. ఆయన నోట్లోంచి రోజుకు పది మాటలు రావు. మిగతా మాటలన్నీ నేనే మాట్లాడేవాణ్ణి.

సినిమా సంగతి చెప్పడం నా ఉద్యోగం. కానీ వాన కురవాల్సిన నెలల్లో జనం మా కోసం ఎదురు చూసింది సినిమా కోసం కాదు. కారు ఆగీ ఆగకముందే ఎవరో ఒకరు కిందికి వంగి చక్రాలకు అంటిన మట్టి చూసేవాళ్ళు. ఎండు దుమ్మైతే లేచి వెళ్ళిపోయేవాళ్ళు. తడి కనిపిస్తే వేలితో గీకి, ఎర్రమన్నా నల్లమన్నా చూసి, అప్పుడు నా మొహం చూసేవాళ్ళు.

"యాడ పడినాదన్నా?"

అంతే, సినిమా పేరు కూడా అడగరు. ఇది నవ్వుకునే సంగతి కాదు. రేడియోలో జిల్లాలో అక్కడక్కడ వాన పడిందని చెప్తారు. అక్కడక్కడ అంటే ఎక్కడప్పా? మా తట్టు వాన ఒక ఊరి పొలిమేర దాటి రెండో ఊరికి రాదు. గట్టుకు ఈవల చేను తడిసి, ఆవల చేను ఎండి ఉండడం మేం ప్రతి ఏడూ చూసినదే. పదనైన ఊళ్ళో, అంటే విత్తనానికి సరిపడా నేల తడిసిన ఊళ్ళో, శెనక్కాయ విత్తనం వెయ్యడానికి మనుషులు కావాలి. కూలి జనం నా మాట విని సద్ది మూట కట్టుకొని ఆ ఊరికి నడిచేవాళ్ళు. అందుకని నేను నోటికొచ్చింది చెప్పేవాణ్ణి కాదు. వాన పడిన ఊళ్ళో కారు దిగి, చేలోకి పోయి, జానెడు లోతున మన్ను తీసి పిడికిట్లో పిసికేవాణ్ణి. ముద్ద కడితేనే పదను. ముద్ద కట్టకపోతే మైకులో ఆ ఊరి పేరు ఎత్తేవాణ్ణి కాదు. నా మాట మీద ఎన్ని ఇళ్ళలో పొయ్యి వెలిగిందో నాకు తెలుసు. గర్వం అంటే గర్వమే, దాచుకోను.

వంక ఆవలి ఊళ్ళకు మాత్రం మా కారు పోలేకపోయేది. ఆ వంకలో నీళ్ళెప్పుడో గానీ ఉండవు, మోకాలి లోతు ఇసుక మాత్రం ఎప్పుడూ ఉంటుంది. రెండుసార్లు దిగబడి ఎద్దులు కట్టి లాగించాం. అప్పటి నుంచి భాయ్ ఈ గట్టు మీదే ఆపేసేవాడు. ఆవలి గట్టు మీద పదిమందో ఇరవైమందో వచ్చి నిలబడి ఉండేవాళ్ళు. నేను బూరలు వాళ్ళ వైపు తిప్పించి గొంతు చించుకొని చెప్పేవాణ్ణి. గాలి ఎదురైతే ఏమీ వినపడదు. వాళ్ళు చెవుల దగ్గర చేతులు పెట్టుకొని, తలలు వంచి నిలబడేవాళ్ళు. తర్వాత వినపడలేదని చెయ్యి ఊపి తిరిగి వెళ్ళిపోయేవాళ్ళు. వాళ్ళు కనుమరుగయ్యేదాకా నేను మైకు దించేవాణ్ణి కాదు.

అందుకే ఇసుకలో నడిచే గేరుబాక్సు వేయించమని మామ చెవిలో ఇల్లు కట్టుకొని పోరాను.

"ఏమప్పా అల్లుడా, వంక ఆవల నీకేమన్నా సంబంధం ఉండాదా? అంత తపన పడతాండావు," అని ఎగతాళి చేశాడు మామ.

"జనం ఉండారు మామా. ఆరేడూళ్ళ జనం. వాళ్ళు టెంటుకొస్తే దుడ్లు నీకు గదా వచ్చేది," అన్నాను. నాకు కావలసింది టెంటు నిండడం కాదు. అయినా ఆయనకు అర్థమయ్యే భాషలో చెప్పాలి కదా.

చివరికి ఒప్పుకున్నాడు. అనంతపురంలో ఒక షెడ్డులో కారును నెలకు పైగా పడుకోబెట్టాం. భాయ్ దాని పాత పెట్రోలు ఇంజను దించి డీజిల్ ఇంజను ఎక్కించాడు. గేరుబాక్సూ, వెనక చక్రాల ఇరుసూ ఒక పాత జీపువి తెచ్చి బిగించాడు. గేరుబాక్సు నుంచి వెనక చక్రాలకు పోయే జీపు షాఫ్టు మా పొడుగాటి కారుకు పొట్టిదైంది. ఇంకో ముక్క అతికి వెల్డింగు చేయించాడు. చేత్తో తిప్పి చూసుకొని, "కొంచెం అదురుతాది. అదరనీ," అన్నాడు. గేరు రాడ్డు కోసం కింద రేకు కోసినప్పుడు నేను పక్కన కూర్చొని, పిల్లవాడికి చెవులు కుట్టించే తల్లి మాదిరి మొహం తిప్పుకున్నాను.

మొదటిసారి వంక దాటిన రోజు ఇప్పటికీ ఒంట్లో ఉంది. చిన్న గేరులో కారు మూలుగుతూ, ఇసుక చిమ్ముతూ ఆవలి గట్టు ఎక్కింది. ఆడవాళ్ళు ఎదురొచ్చి బానెట్టు మీద పసుపు నీళ్ళు చల్లారు. ఒక ముసలాయన నా చెయ్యి పట్టుకొని వదల్లేదు. "నీ మూతి కదిలేది చూసినాము గానీ మాట ఇన్నెల్యా ఇన్నాళ్ళూ," అన్నాడు. నేను మైకు తీసుకొని వాన పడిన ఊళ్ళ పేర్లు చెప్పాను. మళ్ళీ చెప్పమంటే మళ్ళీ చెప్పాను. నా బతుకులో అంతకన్నా మంచి రోజు రాలేదు. ఆ తర్వాత ఎన్ని రోజులు వచ్చాయో అన్నీ దానికన్నా చిన్నవే.

ఆ సంబరం ఎన్నాళ్ళో నిలవలేదు. డీజిల్ మోత మైకులో దూరింది. అతుకు షాఫ్టు సరిగ్గా నా స్టూలు కిందే. నేను "అన్నలారా" అంటే బూరలోంచి అదురుతూ ముక్కలుముక్కలుగా వచ్చేది. పిల్లలు నా వెనకాల పడి అట్లాగే వెక్కిరించారు. స్టూలు కింద గోనెసంచులు మడిచి వేసినా లాభం లేకపోయింది. ఇంజను ఆపి చెప్దామంటే బ్యాటరీ మీద నమ్మకం లేదు. ఒకసారి ఆపితే ఊరంతా వచ్చి తొయ్యాలి.

అప్పుడు మామ బెంగళూరు నుంచి క్యాసెట్ టేపు, పెద్ద యాంప్లిఫయరు, నాలుగు కొత్త బూరలు తెచ్చాడు. "నీ గొంతే ఉంటాదప్పా. టేపులో నిమ్మళంగా ఉంటాది. నీకెందుకు ఆ అదురు," అన్నాడు. నాకూ బాగానే అనిపించింది. ఎంత తెలివితక్కువవాణ్ణో చూడండి.

రికార్డింగు బుక్కరాయసముద్రంలో ఒక శెనక్కాయల గోడౌన్లో పెట్టారు. అనంతపురంలో రేడియోలు బాగుచేసే ఒకాయన పనిముట్లన్నీ అక్కడికే తెచ్చుకున్నాడు. చుట్టూ మూటలు కప్పు దాకా పేర్చి ఉంటే బయటి చప్పుడు లోపలికి రాదని ఆయన లెక్క. ఆ పొద్దున మేం కంబదూరు మీదుగా వచ్చాం. ముందు రోజు అక్కడ వాన పడింది, ఆ ఏడు మొదటి వాన. నేను చేలోకి పోయి మన్ను పిసికితే ముద్ద కట్టింది. ఆ మన్ను గోళ్ళలో అట్లాగే పెట్టుకొని మైకు ముందు కూర్చున్నాను.

సినిమా పేరు వారానికొకసారి మారుతుంది కాబట్టి అది కారు పక్కన బోర్డు మీద ఉంటుంది. నేను చెప్పాల్సింది పిలుపు మాత్రమే. రోజూ రెండాటలు, నేల, బెంచీ, కుర్చీ, అక్కలారా రాండి, అన్నలారా రాండి. అంతా చెప్పేశాను. ఇక చాలని రేడియో ఆయన ఇంకా చెయ్యి ఎత్తలేదు, టేపు తిరుగుతూనే ఉంది. నా నోరు దాని అలవాటు అది చూసుకుంది.

"నిన్న కంబదూరు కాడ మంచి పదను వాన పడినాదన్నా. పోతే పని దొరుకుతాది."

రేడియో ఆయన తిరిగి పెట్టి వినిపించి, ఆ చివరి మాట తీసేయమంటారా అని అడిగాడు. మామ ఒక నిమిషం ఆలోచించి నవ్వాడు. "ఉండనీప్పా. వాన మాటకే గదా జనం కారు కాడికి వచ్చేది."

వద్దు అని నేను అనాలి. అనలేదు. నా గొంతు నేను బయటి నుంచి వినడం అదే మొదటిసారి. ఒళ్ళు మరిచిపోయి, ఇంకొక్కసారి పెట్టమని అడిగాను.

రికార్డింగు అయిన పదిహేను రోజులకు ఒక పొద్దున పనికి పోతే కారులో నా స్టూలు లేదు. అక్కడ పెద్ద బ్యాటరీ కూర్చుంది. "నువ్వు టెంటు కాడ టిక్కెట్లు చింపు," అన్నాడు మామ. నువ్వే చింపుకోపో అని మొహాన అనేసి వచ్చాను. మైకు కూడా ఎవరికో అమ్మేశారని తర్వాత తెలిసింది. నాయన చేలో పనికి దిగాను. ఆ చేను వానొస్తే చేను, రాకుంటే బయలు.

కోపం పది రోజుల్లో చల్లారింది, బెంగ చల్లారలేదు. పొద్దున లేస్తే కాళ్ళు టెంటు వైపు పోయేవి. ఆ ఊళ్ళ వాసనలు కావాలి, కారు వినపడగానే పొయ్యి వదిలి వచ్చే ఆడవాళ్ళు కావాలి. అన్నిటికన్నా, నేను చెప్పబోయే మాట కోసం ఎవరో నిలబడి ఉండడం కావాలి. నా భార్య ఎదురుగా కూర్చొని వింటున్నా నాకు ఎవరూ వింటున్నట్టు అనిపించేది కాదు. పాపం, ఆమెతో ఆ మాట అనేశాను కూడా.

కారు మాత్రం వారానికొకసారి మా చేను పక్క దారిలో పోయేది, నా గొంతుతో. మా ఊళ్ళో వాళ్ళు ఆ చివరి మాట విని నవ్వేవాళ్ళు. "ఏమప్పా, కంబదూరు కాడ నీ వాన ఇంకా నిల్చల్యా?" నేనూ నవ్వేవాణ్ణి.

మరుసటి ఏడు వానలు మొహం చాటేశాయి. ఒక మధ్యాహ్నం చేను పక్క నుంచి ఒక ఆమె, ఆమె మొగుడు నడిచి వస్తున్నారు. నెత్తిన మూట, భుజాన పార. చంకలో బిడ్డ నిద్రపోతోంది. నీళ్ళు అడిగారు. కడవ వంచుతూ, యాడి నుంచి వస్తాండారక్కా అన్నాను. ఆమె తాగడం ఆపి నన్ను చూసింది.

"నువ్వే గదా కారులో చెప్పేది?"

వాళ్ళది వంక ఆవలి ఊరు. ఆదివారం ప్రార్థన అయిపోగానే బయల్దేరి కంబదూరు పోయారట. రెండు రోజులు ఇంటింటికీ తిరిగారట. విత్తనం లేదు, పని లేదు, ఆకాశంలో మబ్బు లేదు. వాళ్ళ ముందు వారం కూడా మూడు ఇళ్ళవాళ్ళు పోయి వచ్చారట. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కారును వంక దాటించింది వీళ్ళకు వాన కబురు చెప్పాలని. ఆ కారే నా నోటితో వీళ్ళను ఎండలో నడిపించింది.

"అది టేపక్కా. పోయినేటి మాట అది. నేను ఆ కారులోనే లేను," అన్నాను. నా గొంతు నాకే దొంగ గొంతులా వినిపించింది.

ఆమె నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. బిడ్డ మొహం మీద ఈగను తోలి, మూట నెత్తికెత్తుకుంది.

"టేపని మాకూ తెలుసప్పా. ఎప్పుడో చెప్పిన మాటనీ తెలుసు. అయినా నువ్వు వాన పడిందంటే ఇంట్లో కూసోలేము."

వాళ్ళు వంక వైపు వెళ్ళిపోయారు. ఆ రాత్రి నేను తినలేదు. ఈసారి కారు వస్తే అడ్డం నిలబడాలి, భాయ్ చేత టేపు తీయించి, కాలికింద వేసి తొక్కెయ్యాలి అనుకున్నాను. మామతో ఏమేం అనాలో కూడా వరస పెట్టుకున్నాను.

శుక్రవారం కారు వచ్చింది. చెయ్యెత్తి దారి నడుమ నిలబడ్డాను. భాయ్ దూరం నుంచే నన్ను గుర్తుపట్టి నెమ్మది చేశాడు. పాట అయిపోయి నా పిలుపు మొదలైంది. రోజూ రెండాటలు, నేల, బెంచీ, కుర్చీ. తర్వాత ఒక్క క్షణం ఊరుకుంది. ఆ క్షణంలో నేనేం చేస్తున్నానో నాకు గుర్తుంది. గోళ్ళలో తడి మన్నుతో ఉన్నాను, సంతోషం పట్టలేక ఉన్నాను. "నిన్న కంబదూరు కాడ మంచి పదను వాన పడినాదన్నా," అంది నా గొంతు, నాలుగు బూరల్లోంచి. ఎత్తిన చెయ్యి అట్లాగే ఉండిపోయింది. నేను పక్కకు జరిగాను. భాయ్ నన్ను చూసుకుంటూనే దాటిపోయాడు. నా గొంతు ఆ వాన మాట ఇంకొకసారి చెప్తుందేమోనని ఆ దుమ్ములో కారు వెనకాల చాలా దూరం నడిచాను.