ఉల్టా పాడే క్యాసెట్

మా ఆయన నర్సింగ్‌కు పాత మిషిని కనబడ్డదంటే కాలు ముందుకు పడదు. పటాన్‌చెరుల మోటర్లకు వైండింగ్ కడ్తడు. లోకపోళ్ల మోటర్లన్నీ సక్కజేస్తడు గని, మా ఇంట్ల ఫ్యాను మాత్రం కర్ర పెట్టి తిప్పితేనే తిరుగుతది. అడిగితే "జెర ఆగు" అంటడు. ఆగుడే నా బతుకైపాయె.

మొన్న ఐతారం కూరగాయలకని బయలెల్లినం. తొవ్వల చంద్రకాంత్ సేటు తుక్కు దుకాణం ముందట బండి ఆపిండు. మూతబడ్డ పాటల స్టూడియో సామాను వచ్చిందంట. అండ్ల ఒక టేప్‌రికార్డర్. కంపెనీ పేరు ఎవలూ ఇన్నది గాదు. పట్టేది ఒక్క క్యాసెట్, మీటలేమో నాలుగు.

"నాలుగెందుకు సేటూ?" అన్నడు మా ఆయన.

"నాలుగు గొంతులు అలగ్ అలగ్ ఎక్కుతయన్నా, ఒక్క టేపు మీదనే. క్యాసెట్ తిప్పేసుడు ఉండదు. గా క్యాసెట్ మామూలు టేపుల ఏస్తే సాగదీసినట్టొస్తది, సగం ఉల్టా పాడ్తది."

ఉల్టా అనంగనే ఆయన మొఖం మారింది. నాకు సమజైంది. మా అత్త ఎంకమ్మ, ఆయనకు ఊహ తెల్వకముందే పోయింది. ఒక ఫోటో లేదు. ఎన్కట జోగిపేటల స్టూడియోవోళ్లెవలో మా అత్తతోని, ఊరి ఆడోళ్లతోని బతుకమ్మ పాటలు పాడిచ్చి ఇచ్చిన క్యాసెట్ ఒక్కటే మిగిలింది. దాన్ని ఒక దిక్కు ఏస్తే డోలక్, హార్మోనియం సాగుతయి. ఇంకో దిక్కు ఏస్తే ఆడోళ్ల గొంతులు ఉల్టా వస్తయి. సచ్చినోళ్ల గొంతు ఉల్టా ఇంటే ఇంటికి మంచిది గాదని ఆయన తాత కొమురయ్య దాన్ని గుడ్డల కట్టిపిచ్చిండు. స్టూడియోవోళ్లు మామూలు టేపుల పాడే నకలుకు బదులు నాలుగు గొంతుల అసలుదే ఇచ్చిన్రని ఎవలికెరుక?

ఇంటికి ఉరికి క్యాసెట్ తెచ్చిండు. ఇగ కూరగాయలు గంగల కలిసినట్టే.

తెచ్చిండు గని ఎంటనే పెట్టలే. ఉన్నది ఒక్కటే. మిషిని నమిలిందంటే అమ్మ గొంతు ఇగ దొరకది. అందుకే ముందుగాల మోటర్‌ను చూసినట్టే చూసిండు. మూత ఇప్పి చక్రం వేలితోని తిప్పిండు. స్క్రూడ్రైవర్ మొన మోటర్‌కు ఆనిచ్చి, పిడి చెవికి పెట్టుకున్నడు. "బేరింగ్ మంచిగుంది" అన్నడు. లోపలి రబ్బరు బెల్టు తారు లెక్క కరిగి వేళ్లకంటింది. ఇంకో పాత టేపుల బెల్టు తీసి ఎక్కిచ్చిండు. సేటు భజన క్యాసెట్ ఏసి చూసిండు. గీ మిషిని జోరుగ తిరుగుతది గద, ఉరుకులు పెట్టుకుంట పాడింది గని నమలలే. ఒకటో మీట పల్కింది, రెండోది పల్కింది. మూడోది మూగది. నాలుగోదాంట్ల భజన రెండో దిక్కు ఉల్టా వచ్చింది.

"పాట ఎత్తుకునేటామె ఒక దాంట్ల, అందుకునేటోళ్లు ఒక దాంట్ల ఉంటరన్నా. మీ అమ్మ ఎత్తుకునేదా, అందుకునేదా?" అన్నడు సేటు.

ఆయనకు తెల్వదు. ఎత్తుకునేదైతే మూగ మీటల్నే ఉంటదేమో. "బాగుచేపిచ్చినంక పెడుదువు తియ్" అన్న. నాకే భయమైతుండె. ఇనలే. మీద మళ్ల రికార్డు పడకుండ క్యాసెట్ వీపు మీది బిళ్లలు ఇరగ్గొట్టి లోపల పెట్టిండు. డోలక్, హార్మోనియం ఉండే మొదటి రెండు మీటలు ఇడిసి, నాలుగో మీట ఒక్కటే పైకి జరిపిండు.

ఆడోళ్ల గొంతులు లేశినయి, సక్కగ. గుంపు పాట. అండ్ల మా అత్త ఏదని నా దిక్కు చూసిండు. నేనెన్నడు చూసిన్నని? పాట మల్ల ఎత్తుకునే ఆమెకు పోయింది, ఆమె మూగ మీటల ఉంది గద, ఇక్కడ ఒట్టి బుస్సు చప్పుడే మిగిలింది. మూడోది పనిజేస్తే ఆ చప్పుడు గూడ ఇనబడకపోతుండె. గప్పుడే ఎవలో మైకు దగ్గర గుసగుసగ అన్నరు:

"నర్సిగా, కొంగు ఇడువురా బిడ్డా. గీ ఒక్క పాట పాడి వస్త."

మల్ల గుంపు అందుకుంది, అండ్ల గా గొంతు గూడ.

సేటు లేశి బయటికి పోయిండు. నాకు ఏడుపాగలే. మా ఆయన, నలభైకి దగ్గరబడ్డ మనిషి, మిషిని మీదికి వంగి "జల్ది రా అమ్మా" అన్నడు.