ఎకరానికి ఒక అధ్యాయం

రేగుంట నర్సన్న బిడ్డ రేఖ ఎం.ఏ. ఇంగ్లిషులో ఒకే పేపరు రెండుసార్లు తప్పింది. అది నవలల పేపరు. మొదటిసారి ముప్పై నాలుగు, రెండోసారి ముప్పై ఆరు, కావలసింది నలభై. రెండుసార్లూ గైడును కంఠతా పట్టి, కామా కూడా పోకుండా రాసింది. ఈ నడకన పోతే నాలుగోసారికి ఖాయంగా గట్టెక్కుతుంది. యూనివర్సిటీ వాళ్ళు ఇచ్చేది మూడే అవకాశాలు. ఈసారి పోతే ఎం.ఏ. మళ్ళీ మొదటి నుంచి చదవాలి. ముల్చేరలో ఒక కాలేజీ వాళ్ళు పాసైతే వచ్చి పాఠాలు చెప్పమన్నారు, తప్పితే రావద్దని కూడా అంతే మర్యాదగా అన్నారు.

అది రెండువేల ఏడు వానాకాలం. గైడును నమ్మి చెడ్డానని రేఖ ఈసారి అసలు నవలే తెచ్చుకుంది. ఆరువందల పన్నెండు పేజీలు. అహేరి నుంచి తెస్తుంటే మహారాష్ట్ర ఎస్టీ బస్సు ఒక పక్కకు ఒరిగిందనీ, కండక్టరు ఆమెను లేపి రెండో పక్క కూర్చోబెట్టాడనీ ఊళ్ళో ఇప్పటికీ చెబుతారు. చెప్పేవాళ్ళలో ఒక్కరూ ఆ బస్సులో లేరు.

తెల్లవారుజామున చదవడం, పొద్దంతా సాంబన్న పొలంలో నాట్లు వేయడం. రేఖ కాక పన్నెండుమంది ఉన్న ఆడవాళ్ళ గుంపుకు బీరమ్మ పెద్ద. ఆ గుంపులో ఒక పద్ధతి ఉంది. వంగి నాటేటప్పుడు ఒకరు కథ చెప్పాలి, మిగతావాళ్ళు ఊ కొట్టాలి. ఊ మీదనే చేతులు నడుస్తాయి. నమ్మకం కుదరని చోట ఎవరూ ఊ అనరు, నాటు కూడా ఆగిపోతుంది. అప్పుడు చెప్పేవాళ్ళు ఆ చోటును బాగుచేసుకుని మళ్ళీ చెప్పాలి.

చదివింది గుర్తుంటుందని రేఖ నవలనే అందుకుంది. ఒక చలి ఊరు. గడియారాలు బాగుచేసేవాడు చనిపోతే అతని భార్య మేడ మీది గది కిరాయికి ఇస్తుంది. ఒకాయన వచ్చి దిగుతాడు.

"ఆమె పొద్దుగాల లేచి కిటికీ తెరిచి మంచు చూసింది" అన్నది రేఖ.

ఊ లేదు.

"పొయ్యి ముట్టియ్యలేదా?" అని పక్కన నాటుతున్న యాదక్క అడిగింది.

నవలలో ఆ పూట పొయ్యి లేదు. రేఖ అక్కడొక పొయ్యి పెట్టింది. "ముట్టిచ్చింది."

"ఊ."

అట్లా నవల రోజూ కొంత బాగుపడుతూ వచ్చింది. కిరాయిదారుకు జ్వరం వస్తే ఆమె జొన్న గటక కాచిపోసింది. పదకొండేళ్ళు చేసిపెట్టింది. సాంబన్న మొదట్లో ఒడ్డు మీద నిలబడి గొణిగేవాడు, కాని ఒక అధ్యాయానికి ఒక ఎకరం నాటు పడుతున్నదని గమనించాక గొడుగు తెచ్చుకుని కూర్చున్నాడు.

చివరి అధ్యాయం నాడు చిక్కొచ్చింది. కిరాయిదారుకు వేరే ఊళ్ళో భార్య ఉంది. ఆ మాట చెప్పకుండానే వెళ్ళిపోతాడు. తెలిసినాక ఆమె కిటికీ దగ్గర నిలబడి ఏమీ అనదు. పుస్తకం అయిపోయింది.

పన్నెండు జతల చేతులు బురదలో ఆగిపోయాయి.

"ఏం అన్లేదా?" అన్నది బీరమ్మ.

"అన్లేదు పెద్దమ్మా. ఊరుకున్నది."

"పదకొండేండ్లు వండిపెట్టి ఊరుకున్నదా? గదేం కథ బిడ్డా, గది రాసినోనికి ఇంట్ల ఆడోళ్ళు లేరా ఏంది?"

"జర సక్కగ జెయ్యవే రేఖా" అని సాంబన్న ఒడ్డు మీది నుంచి బతిమాలాడు. "నారు ఎండుతాంది."

రేఖ చక్కగా చేసింది. కథలోని ఆమె నలుగురు ఆడవాళ్ళను వెంటబెట్టుకుని, పడవ మీద నది దాటి, ఆ మనిషి వాకిట్లో కూర్చున్నది. పెద్దమనుషులు వచ్చారు. పంచాయతీ మూడు రోజులు నడిచింది, అంటే మూడెకరాలు. తప్పు ఒప్పుకుని అందరి ముందు దండం పెట్టేదాకా ఆమె లేవలేదు. ఊ అన్న చప్పుడుకు అవతలి ఒడ్డు కొంగలు లేచి చెన్నూరు దాకా పోయాయంటారు.

నవంబరులో అహేరిలో పరీక్ష. చివరి ప్రశ్న: నవల ముగింపులో ఆమె మౌనాన్ని చర్చించండి.

రేఖ రెండు వాక్యాలు మౌనం గురించే రాసింది. ఎవరూ ఊ అన్నట్టు అనిపించలేదు. చెయ్యి ఆగింది. ఆ తరువాత దానంతట అదే నడిచింది, అదనపు కాగితాలు రెండు అడిగి తీసుకున్నది.

తిరుగు బస్సులో సగం దారి వచ్చాక తను రాసింది ఏమిటో గుర్తుకొచ్చింది. పడవ రాసింది. పంచాయతీ రాసింది. వాకిట్లో కూర్చున్నవాళ్ళలో పెద్దామె పేరు బీరమ్మ అని, దాని కింద గీత గీసి మరీ రాసింది. ఇంటికొచ్చి ఎం.ఏ. మొదటి సంవత్సరం ఫారం ఎక్కడ దొరుకుతుందో తండ్రిని కనుక్కోమన్నది.

ఫలితం జనవరిలో వచ్చింది. నలభై ఒకటి.

పేపరు దిద్దినాయన చివరి అధ్యాయం చదవలేదని రేఖ అభిప్రాయం. చదివి, ఇప్పటికి బుద్ధి తెచ్చుకున్నాడని బీరమ్మ అభిప్రాయం. యాసంగి నాట్లలో ఈ విషయం ఒక పూటంతా నడిచింది.

"అండ్ల నా పేరు రాసినవట?" అన్నది బీరమ్మ.

"రాసిన పెద్దమ్మా."

"నా పేరు?" అని సాంబన్న ఒడ్డు మీది నుంచి అడిగాడు.

"పెద్దమనుషులని రాసిన, అండ్ల నువ్వున్నవు."

సాంబన్న గొడుగు సర్దుకున్నాడు.

"మరి గిప్పుడేం పుస్తకం?" అన్నది యాదక్క.

"పుస్తకాలు అయిపోయినయక్కా. పాసైన. సోమవారం ముల్చేర పోతున్న."

చేతులు ఆగాయి. ఒక్కరూ ఊ అనలేదు.

"అయిపోవుడేంది బిడ్డా, సాంబన్నది ఇంక నాలుగెకరాలున్నది" అన్నది బీరమ్మ.

రేఖ నారు కట్ట విప్పింది. "ఒక ఊళ్ళ ఒకామె పొద్దుగాల లేచి పొయ్యి ముట్టిచ్చింది" అని ఏ యూనివర్సిటీలోనూ లేని నవల ఒకటి మొదలుపెట్టింది.

"ఊ" అన్నారు పన్నెండుమంది. సాంబన్నతో పదముగ్గురు.