కనిపిస్తోందన్న మాట నాది

మా బావ విమానం పడగొట్టాడని రాయపూర్‌లో మన తెలుగువాళ్ళందరికీ తెలుసు. గుఢియారీ బజారులో ఇప్పటికీ వాళ్ళింటిని 'జహాజ్ గిరానేవాలే', అంటే విమానం పడగొట్టినవాళ్ళ ఇల్లనే చెబుతారు. అందులో నిజమెంతో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకే ఇది రాస్తున్నాను.

బావ మా మేనత్త కొడుకు. మా రెండు కుటుంబాలూ శ్రీకాకుళం నుంచి రైల్వే ఉద్యోగాల మీద వచ్చి ఇక్కడే ఉండిపోయాయి. మాలో మొదట పైలట్ అయినవాడు అతను. అతన్ని చూసి నేనూ నేర్చుకున్నాను. ఒక చిన్న కంపెనీలో నాకు ఉద్యోగం ఇప్పించిందీ అతనే. ఆరుగురు పట్టే రెండింజన్ల విమానం. ఎడమ సీట్లో అతను, కుడి సీట్లో నేను.

మబ్బు దట్టంగా ఉన్నప్పుడు పైలట్ ఎదురుగా ఉన్న మీటర్ల ముళ్ళను మాత్రమే నమ్ముకుని దిగాలి. ఆ రోజుల్లో మా ఊళ్ళో దిగడానికి ఒక రేడియో బీకన్ తప్ప మరేమీ లేదు. విమానాశ్రయం ఏ దిక్కున ఉందో అది చెబుతుంది. నేల ఎంత దగ్గరకొచ్చిందో చెప్పదు. అందుకని ఒక ఎత్తు నిర్ణయించి ఉంటుంది, దాన్ని మినిమమ్ అంటాం. అక్కడిదాకా దిగినా రన్‌వే కనపడకపోతే మళ్ళీ పైకి లేవాలి. ఎడమ సీటువాడి చూపు ముళ్ళ మీద, కుడి సీటువాడి చూపు అద్దం బయట ఉండాలి. వీడు కనిపిస్తోందంటేనే వాడు తలెత్తాలి.

మా ఇద్దరికీ ఒక పందెం ఉండేది. రన్‌వేని ముందు చూసినవాడికి రెండోవాడు దిగాక టీ, ముంగోడీలనే పెసరపప్పు పకోడీలు ఇప్పించాలి. ఈ పందెంలో నెగ్గాలంటే అతను ముళ్ళు వదిలి బయటికి తొంగిచూడాలి, నేను సరిగ్గా చూడకముందే నోరు తెరవాలి. ఇద్దరి పనినీ చెడగొట్టే ఆట అది. మాకది సరదాగానే ఉండేది.

ఒక వానాకాలం మధ్యాహ్నం యజమానిని భోపాల్‌లో దింపి ఖాళీగా వస్తున్నాం. ఒకసారి దిగబోయి ఏమీ కనపడక పైకి లేచాం. నాగపూర్ వెళ్ళడానికి సరిపడా ఇంధనం ఉంది. బావ ఇంకొక్కసారి చూద్దామన్నాడు.

"మినిమమ్" అన్నాను.

"ఏట్రా, నిద్దరోతన్నావా? బైటికి సూడు."

"సూస్తన్నాను బావా. అంతా తెల్లగుంది."

"బిల్కుల్ ఏటీ లేదా? నెలంతా నువ్విప్పించిన టీయే తాగతన్నాను. ఇయాళైనా నెగ్గరా."

మబ్బు ఒక్క క్షణం చిరిగింది. కింద పొడవుగా, బూడిదరంగులో, వానకు మెరుస్తూ ఒక పట్టీ కనిపించింది.

"కనపడతంది బావా. నెగ్గీసాను."

అతను నవ్వి విమానాన్ని కిందికి దించాడు. అది రన్‌వే కాదు. ఉప్పుడు బియ్యం మిల్లులో ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్ళం. దాని అంచున పేర్చిన బస్తాలు, వాటి మీద కప్పిన టార్పాలిన్లు కనబడేసరికి ఇద్దరం ఒకేసారి కేక వేశాం. బావ పైకి లాగాడు. రెక్క తుమ్మచెట్టుకు తగిలి వరిమడిలో పడ్డాం.

నాకు భుజం ఎముక విరిగింది. బావ కాలు నుజ్జయింది. తలకు దెబ్బ తగిలి ఆ చివరి నిమిషాలు అతనికి గుర్తు లేకుండా పోయాయి.

విచారణకు వచ్చిన అధికారి, రన్‌వే కనిపించిందని ఎవరన్నారని అడిగాడు. మాటలు రికార్డు చేసే యంత్రం అంత చిన్న విమానంలో ఉండదు. లైసెన్సు పోతుందని భయపడ్డాను. "కెప్టెనే అన్నారు. నేను మినిమమ్ అని హెచ్చరించాను" అన్నాను. అందులో సగం నిజమే. ఆస్పత్రిలో బావనూ అడిగారట. "ఆడు సెప్పినట్టే అయ్యుంటాది. ఆడు అబద్ధమాడడు" అన్నాడట.

తప్పు కెప్టెన్‌దని తేల్చారు. లైసెన్సు పోయాక బావ శంకర్ నగర్‌లో ఒక ఆఫీసులో గుమాస్తాగా చేరాడు. కొన్నాళ్ళకు నేను ఎడమ సీట్లోకి మారాను. ఆదివారాలు వాళ్ళింట్లోనే నా భోజనం. కాలు కాస్త కుదుటపడ్డాక కూడా అతను స్కూటర్ ముట్టుకోలేదు. నేను అక్కా అని పిలిచే తన భార్యను వెనక కూర్చోబెట్టుకోవడానికి భయపడ్డాడు. అందరూ కుంటికాలి వల్లే అనుకున్నారు. అతనికి తన మీదే నమ్మకం పోయిందని నాకు తెలుసు. అయినా వడ్డించింది తిని వచ్చేవాణ్ణి.

ఈ ఏడు వాళ్ళమ్మాయి కాలేజీలో ఎన్‌సీసీ వైమానిక విభాగంలో చేరతానంది. బావ వద్దన్నాడు. "మా సేతుల్లో తొందరుందిరా. దీనికీ వొచ్చుంటాది" అన్నాడు నాతో. ఆ పిల్ల కంచం ముందు నుంచి లేచి వెళ్ళిపోయింది. అప్పుడు నిజం చెప్పాను.

బావ తన అరచేతుల వైపు చూసుకున్నాడు.

"నువ్వు కనపడతందన్నా, నేను సూడకుండా దిగకూడదు గదా. ఆ తప్పు నాదే" అన్నాడు.

"బావా..."

"ఆగు. నా తప్పెంతో అంతే మోసీవోణ్ణి గదరా. నీదీ నా నెత్తినెట్టీసావు."

అతను వంటింటి వైపు చూపించాడు.

"మీ అక్క వంటింట్లో ఉంది. నువ్వే ఎల్లి సెప్పు."

వెళ్ళి చెప్పాను. అక్క స్టవ్ ఆర్పి, చేతులు తుడుచుకుంది.

"ఇన్నాళ్ళూ నా సేతి కూడెలా మింగుడు పడిందిరా నీకు" అంది. గొంతు పెంచలేదు. మళ్ళీ అంది: "మా ఇద్దరికీ సెబితే ఏటవుతాది? ఊరికి సెప్పు."

ఆ మాట మీద ఇది రాశాను. ఆదివారాలు ఇప్పుడు నేను అటు వెళ్ళడం లేదు, వాళ్ళు పిలవడం లేదు. ఆ పిల్ల ఎన్‌సీసీకి పేరు ఇచ్చిందో లేదో కూడా తెలియదు. రన్‌వే కనిపిస్తోందని చెప్పింది నేను. విచారణలో అబద్ధం చెప్పిందీ నేనే.