మేనరికం తప్పించి చేసిన పెళ్లి

మా తమ్ముడు నేల మీద నుంచి లేవాలంటే ముందు చేతులు నేలకు ఆనించేవాడు. తర్వాత మోకాళ్లు పట్టుకుని, ఆపైన తొడలు పట్టుకుని, తన ఒంటి మీద తనే ఎక్కుతున్నట్టు లేచేవాడు. పుంగనూరు దగ్గర మా ఊళ్లో అందరూ వాడికి ఒళ్లొంగదనుకున్నారు. మా నాయన కూడా అదే అనుకుని వీపు మీద రెండు వడ్డించాడు. వాడు పూర్తిగా కూలబడ్డాక వాణ్ని భుజాన వేసుకుని మదనపల్లెకు బస్సెక్కాడు. వెంట నేనూ పోయాను.

అక్కడి డాక్టరు పిల్లాడి పిక్కలు నొక్కి చూసి, "మీది దగ్గర సంబంధమా?" అనడిగాడు.

"మా అక్క కూతుర్నే చేసుకున్నాను సార్," అన్నాడు నాయన.

డాక్టరు ఊఁ అని బలానికి మందు రాసిచ్చాడు. ఆయన అన్నది ఆ ఊఁ ఒక్కటే. మావాళ్లు దాన్ని ఇంటికి తెచ్చి తీర్పు చేసి కూర్చున్నారు. మేనరికం వల్లే పిల్లాడికి ఈ గతి పట్టిందని ఊరంతా తేల్చేసింది. పదిహేనేళ్లన్నా నిండకుండానే వాడు పోయాడు.

మా వైపు ఆడపిల్ల మీద మొదటి హక్కు మేనమామది. నేను పెద్దమనిషినైనప్పుడు మా అమ్మ తమ్ముడే పచ్చి కొబ్బరాకులు తెచ్చి నాకు గుడిసె కట్టాడు. అందులో కూర్చున్నప్పుడే ఈయన ఇంటికే పోతానని నాకు తెలుసు. నాకు ఇష్టం కూడా, ఇప్పుడు దాచేదేముంది. తమ్ముడు పోయిన ఏడాది ఆ మామ పెళ్లి మాట ఎత్తితే నాయన వద్దన్నాడు.

"యాల మామా? నేనేం తప్పు జేసినాను?" అన్నాడాయన, గడప బయటే నిలబడి.

"నువ్వేం తప్పు సెయ్యలేదప్పా. ఇంగొక బిడ్డను భుజాన మోసే సత్తువ నాకు లేదు."

నన్నెవరూ అడగలేదు. ఏ మూలా చుట్టరికం తగలని ఇల్లు వెతికి వెతికి, కుప్పంలో బియ్యం కొట్టు వాళ్లకిచ్చారు. సగం అరవం మాట్లాడే ఇల్లని మా పెద్దమ్మలు నవ్వినా నాయన లెక్కచేయలేదు. నాకు కొడుకు పుట్టినప్పుడు ఆయన కుప్పం వచ్చి, పిల్లాడి కాళ్లు రెండూ అరచేతుల్లో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు.

వాడికి నాలుగో ఏడు. ఒక మధ్యాహ్నం కొట్లో బస్తాల పక్కన గోలీలాడుతూ లేవబోయాడు. చేతులు నేలకు ఆనించాడు. మోకాళ్లు పట్టుకున్నాడు. తొడలు పట్టుకున్నాడు. నాకు ఏ డాక్టరూ చెప్పనక్కర్లేకపోయింది. చేటలో బియ్యం అట్లాగే వదిలేసి లోపలికి పోయి నోట్లో కొంగు కుక్కుకున్నాను.

"ఇట్లాంటి జబ్బు మీ ఇంట్లో ఉండాదని ముందే యాల సెప్పలేదు?" అంది మా అత్త. ఏం చెప్పను? మేనరికం మానుకున్నాం కాబట్టి జబ్బు కూడా మమ్మల్ని వదిలేసిందనుకున్నాం.

పిల్లాణ్ని రైల్లో బెంగుళూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. అక్కడ కన్నడం కలిసిన తెలుగు మాట్లాడే ఒక కుర్ర డాక్టరు నన్ను కూర్చోబెట్టి విడమరిచి చెప్పాడు. ఈ జబ్బు తల్లి వైపు నుంచి వస్తుందట. ఆడవాళ్లకు ఈ జబ్బును మోసే ఎక్స్ క్రోమోజోములు రెండుంటాయి కాబట్టి ఒకటి చెడినా రెండోది కాపాడుతుంది. మగపిల్లాడికి ఉండేది ఒకటే. మామను చేసుకున్నా, ముక్కూమొహం తెలియనివాణ్ని చేసుకున్నా, నాకు పుట్టే మగపిల్లల్లో ఎవరికైనా ఇది రావచ్చు. మా మామను గడప బయట నిలబెట్టి పంపింది ఏ భాగ్యానికి? నిందించడానికి మేనరికం కూడా మిగల్లేదు.

చెడిన జన్యువు ఎక్కడుందో వెతుకుతున్నారనీ, మా ఇంటివాళ్ల రక్తం కావాలనీ ఆ బెంగుళూరు డాక్టరు మా పుట్టింటికే వచ్చాడు, వెంట నేనూ పోయాను. మా అమ్మ సంగటి కెలికే కట్టె పక్కన పెట్టి చెయ్యి చాపింది.

"నాకేం జబ్బు లేదు గదప్పా. నా రక్తం యాల?"

ఆయన నా వైపు చూశాడు. అమ్మ కూడా చూసింది. నా మొహంలో ఏం కనిపించిందో, "అయితే నా నించేనా?" అంది మెల్లగా. ఇన్నేళ్లూ తప్పంతా ఆచారం మీద తోసి బతికిన మనిషి. ఆ రోజు నుంచి నా కొడుకును ఒళ్లోకి తీసుకోలేదు. దూరం నుంచే అన్నం పెట్టేది.

కొన్నేళ్ల తర్వాత ఆ డాక్టరు కుప్పం వచ్చాడు. అప్పటికి పిల్లాడు గోడకు దిండేసి ఆనిస్తే తప్ప కూర్చోలేడు. డాక్టరు మొహం మాత్రం వెలిగిపోతోంది.

"చోటు దొరికిందమ్మా. బయటి దేశాల్లో కనిపెట్టారు. జన్యువు ఎక్కడుందో తెలిసిపోయింది."

నా ప్రాణం లేచొచ్చింది. "అయితే మందు తెచ్చినారా సార్?"

ఆయన మొహం మాడిపోయింది. అది శరీరంలో ఏం పని చేస్తుందో ముందు తెలియాలట. తర్వాత మందు తయారుచేయాలి, జంతువుల మీద చూడాలి, మనుషుల మీద చూడాలి. చివరికి, "మీవాడికి అందదమ్మా," అన్నాడు. అని, సంచిలోంచి సూదీ గాజు గొట్టమూ తీశాడు.

"ఇంగ యాల సార్ వాని రక్తం? ఆ ఒంట్లో ఏం మిగిలుండాదని?"

"ఇకమీద పుట్టేవాళ్లకు పనికొస్తుందమ్మా."

ఎవరికో పుట్టబోయే పిల్లల కోసం నా బిడ్డను పొడవాలా? బయటికి నడవమని చెప్పడానికి నోరు తెరిచాను. గోడ దగ్గర నుంచి నా కొడుకు పిలిచాడు. మేం మాట్లాడుకున్నదంతా వాడు విన్నాడు.

"తీసుకోనీమ్మా," అన్నాడు. "నా చెయ్యి లేయదు గదా. నువ్వెత్తి ఆయనకియ్యి."

ఎత్తి ఇచ్చాను.