పెట్టెలో పట్టని చివరి వాక్యం

మా పెద్దమ్మాయి పోయింది. గుండె ఆపరేషన్ అయిన మూడో రోజు పొద్దున అల్లుడు హాస్పిటల్ నుంచి ఫోన్ చేసి "అత్తయ్యా" అన్నాడు. ఇక్కడ అమెరికాలో, ఎడిసన్‌లో మా అమ్మాయిని ఎరిగినవాళ్ళు ఈ పత్రిక చదువుతారని రాస్తున్నాను. నేను అయిదో తరగతి దాకానే చదివాను. తప్పులుంటే మన్నించండి.

డాక్టర్ల కంప్యూటర్లలో పెట్టే ప్రోగ్రాం రాసే చిన్న ఆఫీసు మా అమ్మాయిది. మందు ఎలా వేసుకోవాలో రోగికి వాళ్ళ భాషలోనే తెర మీద కనపడాలి. తెలుగు మాటలకి నన్నే అడిగేది. "డాక్టర్ చెప్పినట్టు వద్దమ్మా, నువ్వు నాకు చెప్పినట్టు చెప్పు" అనేది. నేను చెప్పాను: "అన్నం తిన్నాక వేసుకోండి. ముఖం వాస్తే వెంటనే ఆపేసి ఫోన్ చేయండి."

గొడవంతా ఆ రెండో వాక్యంతోనే వచ్చింది. తెర మీద ఇంగ్లీషు సరిపోయిన పెట్టెలో తెలుగు పట్టలేదు. వాక్యం కింది లైనుకి దిగకుండా కుడి అంచు దాటిపోయి, "ముఖం" దగ్గర తెగిపోయేది. ఇంకా ఉందని తెలియడానికి మూడు చుక్కలైనా ఉండేవి కావు. "ఎవరో ఆంటీ సగమే చదువుకుని ఇంటికి వెళ్ళిపోతుందమ్మా" అని కంగారుపడేది. కలుపుకున్న అన్నం చేతిలోనే ఆరిపోయేది. తను ఆ అంచుల వంక చూసేది. నేను తన పెదవుల వంక చూసేదాన్ని, నీలంగా మారుతున్నాయేమోనని. ఆపరేషన్ తేదీ దగ్గరపడుతోంది. ఈలోగా పని అయిపోవాలని తన పట్టుదల.

ఒకరోజు మా అమ్మాయి స్నానానికి వెళ్ళినప్పుడు నేను కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఎంటర్ కొడితే కిందికి దిగుతుందని తనే నేర్పింది. తెగుతున్న చోటల్లా కొట్టాను. వాక్యమంతా కనపడింది.

"చూడవే, వారం నుంచి నువ్వు చేయలేనిది!"

తను వచ్చి చూసి పకపకా నవ్వింది. ప్రోగ్రాం కనపడే ఆ చట్రాన్ని విండో అంటారట. దాని మూల పట్టుకుని సన్నగా లాగింది. నా లైన్లన్నీ మళ్ళీ తెగిపోయాయి. వెడల్పుగా లాగితే పక్కన బోలెడు ఖాళీ ఉన్నా, మాటలు నేను విరిచిన చోటే విరిగి ఉన్నాయి.

"ఇన్‌లాండ్ లెటర్‌లో చోటు చాలకపోతే మేం అంచుల మీద రాసేవాళ్ళం. దీనికి ఆ మాత్రం తెలియదా?" అన్నాను.

"మొద్దమ్మా ఇది. ఎంత చోటు కావాలంటే వాక్యం పొడుగంతా కావాలంటుంది. వెడల్పు ఇంతే అని మనం చెప్పాలి. ఎత్తు మాత్రం దాని ఇష్టానికి వదిలేయాలి."

"మరి చెప్పు."

"చెప్పాను. పెట్టె కిందున్న బటన్ జరగనంటోంది."

"నీలాగే మొండిదన్నమాట."

"నేనెవరి కూతుర్ని?"

చాలావరకు కుదిరింది. విండో బాగా చిన్నది చేస్తే మాత్రం చివరి లైను ఆ బటన్ వెనక్కి పోయేది. అది అలా ఉండగానే అమ్మాయి హాస్పిటల్‌లో చేరింది. స్ట్రెచర్ మీద తీసుకెళ్తుంటే నా చెయ్యి పట్టుకుంది. "అమ్మా, మా ఆఫీసువాళ్ళు ఇంగ్లీషు ఒక్కటే చూసి డాక్టర్లకి పంపించేస్తారేమో. తెలుగు కూడా చూడమని చెప్పు" అంది. దేవుణ్ణి తలుచుకోమని చెబుదామనుకున్నాను. "చెప్తాలే" అన్నాను.

దినాలయ్యాక కూడా ఆ భయం నన్ను వదల్లేదు. ఏడుస్తూ ఏడుస్తూ ఉంటే మధ్యలో అదే గుర్తొచ్చేది. పంపించేశారేమో. ఎవరికి చెప్పాలి? నాకు ఇంగ్లీషు రాదు. ఈ సమయంలో ఇదేమిటనుకుంటాడని అల్లుణ్ణి అడగడానికి మనసొప్పలేదు. చివరికి ఉండబట్టలేక అడిగాను. అతను వెంటనే ఫోన్ తీసి వాళ్ళ ఆఫీసుకి చేశాడు.

ఆ ఆదివారం మా అమ్మాయితో పనిచేసిన గుంటూరు పిల్ల ల్యాప్‌టాప్ తెచ్చింది.

"ఇంకా పంపలేదు ఆంటీ. అక్క రాసి పెట్టిన కాగితం చూసి బటన్ కిందికి జరిగేలా చేశాం."

"విండో చిన్నది చెయ్యమ్మా."

చేసింది.

"ఇంకా."

"ఇంతకంటే ఎవరూ చిన్నది చేయరు ఆంటీ."

"మీ అక్క చేసేది."

ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని మూల పట్టి లాగింది. మాటలు ఒక్కొక్కటే కింది లైనుకి దిగాయి. పెట్టె కిందికి సాగింది. బటన్ తప్పుకుంది. నేను వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాను. ముఖం. వాస్తే. వెంటనే. ఆపేసి. అన్నిటికంటే అడుగున, ఒక్క అక్షరం తెగకుండా, "ఫోన్ చేయండి."

తెర మీద నా వేలి మచ్చ పడింది. ఆ పిల్ల తుడవలేదు.